హరిత సుకూక్: వడ్డీ లేని పెట్టుబడితో వాతావరణ లక్ష్యాలు సాధ్యమేనా?

2005 ఫిబ్రవరి 21. ఇండోనేషియాలోని పశ్చిమ జావాలో, బాండుంగ్ నగర సమీపాన లెవిగజా అనే ప్రదేశం ఉంది. బాండుంగ్, దాని చుట్టుపక్కల పట్టణాల చెత్త అంతా ఏళ్ల తరబడి అక్కడే పోగుపడుతూ వచ్చింది. చెత్త గుట్ట అయింది, గుట్ట కొండ అయింది. ఆ కొండ దిగువన రెండు పల్లెలు. చెత్త ఏరుకుని పొట్ట పోసుకునే కుటుంబాలెన్నో అక్కడ నివసించేవి. ఎడతెగని వానకు నానిన ఆ కొండ లోపల కుళ్లుతున్న పదార్థాల నుంచి పుట్టిన మీథేన్ వాయువు నిండి ఉంది. తెల్లవారుజామున, జనం గాఢనిద్రలో ఉండగా, పేలుడు వంటి పెద్ద శబ్దంతో కొండ విరిగి పల్లెల మీద పడింది. ఇళ్లకు ఇళ్లు చెత్త కింద సమాధి అయ్యాయి. సుమారు 150 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఆ తర్వాత ఇండోనేషియా ప్రభుత్వం ఫిబ్రవరి 21ని జాతీయ వ్యర్థ అవగాహన దినంగా ప్రకటించింది. 2008లో వ్యర్థాల నిర్వహణకు ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చింది. బహిరంగంగా చెత్త పోసే స్థలాలన్నిటినీ అయిదేళ్లలో మూసివేయాలని ఆ చట్టం నిర్దేశించింది. అయిదేళ్లు గడిచాయి, మరో అయిదేళ్లూ గడిచాయి, చెత్తకొండలు మాత్రం అలాగే ఉన్నాయి. జకార్తా నగరపు చెత్త చేరే బాంటర్‌గెబాంగ్‌కు నేటికీ ప్రతి దినం దాదాపు ఏడు వేల టన్నుల చెత్త లారీలలో వచ్చి పడుతోంది. చట్టం లేకపోవడం వల్ల కాదు, చట్టాన్ని అమలు చేసే ధనం లేకపోవడం వల్ల.

ఈ వ్యాసంలో మేము చర్చించదలచిన విషయం ఇదే. భూగోళం వేడెక్కకుండా కాపాడతామని దేశాలన్నీ ప్రపంచ వేదికలపై వాగ్దానాలు చేశాయి. ఆ వాగ్దానాల ఖర్చు ఎవరు భరించాలి? ఏ విధంగా భరించాలి? వడ్డీని నిషేధించిన ధర్మాన్ని అనుసరించే సముదాయానికి ఈ ప్రశ్న మరింత సూటిగా తగులుతుంది. ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా గల దేశం దీనికి ఒక సమాధానం వెతికింది. ఆ సమాధానంలో మెచ్చదగినదీ ఉంది, నిలదీయవలసినదీ ఉంది.

పారిస్ ఒప్పందం కింద ఇండోనేషియా 2030 నాటికి తన కర్బన ఉద్గారాలను, ఏ చర్యా తీసుకోకపోతే ఉండే స్థాయితో పోల్చి 29 శాతం తగ్గిస్తానని, ఇతర దేశాలు తోడ్పడితే 41 శాతం తగ్గిస్తానని మాట ఇచ్చింది. 2022లో ఈ లక్ష్యాలను వరుసగా 31.89, 43.20 శాతాలకు పెంచింది. అడవులు నరకడం, పీట్ నేలలు కాల్చడం, బొగ్గు మండించడం ఆ దేశపు ఉద్గారాలకు ప్రధాన కారణాలు. విద్యుత్తులో సుమారు 60 శాతం నేటికీ బొగ్గు నుంచే వస్తోంది. వీటితో పోలిస్తే చెత్త వాటా చిన్నదే. కాని చెత్త కుప్పల నుంచి వెలువడే మీథేన్ సామాన్యమైన వాయువు కాదు. ఇరవై ఏళ్ల వ్యవధిలో లెక్కిస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 80 రెట్లు అధికంగా వేడిని పట్టి ఉంచుతుంది. లెవిగజా పల్లెల ప్రాణాలు తీసినది, భూమిని వేడెక్కిస్తున్నది ఒకే వాయువు.

అలాగే విద్యుత్ ఆదా. కొత్తగా ఒక విద్యుత్ కేంద్రం కట్టడం కంటే ఉన్న విద్యుత్తును దుబారా కాకుండా వాడుకోవడం చౌక. వీధి దీపాలు, ప్రభుత్వ కార్యాలయాలు, నీటి పంపులు మార్చితే కొన్నేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. కాని ముందుగా ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. అక్కడే అందరూ అప్పు వైపు చూస్తారు. అప్పు అనగానే వడ్డీ వచ్చి కూర్చుంటుంది.

సుకూక్ అంటే ఏమిటి?

'సక్' అనే అరబీ పదానికి పత్రం, దస్తావేజు అని అర్థం. దాని బహువచనమే సుకూక్. బాండుకూ సుకూక్‌కూ ఉన్న తేడాను సులువుగా ఇలా చెప్పుకోవచ్చు. బాండు కొన్నవాడు ప్రభుత్వానికి అప్పిచ్చినవాడు. ఆ అప్పుపై అతనికి వడ్డీ ముడుతుంది. సుకూక్ కొన్నవాడు ఒక ఆస్తిలో, ఆ ఆస్తి వినియోగంలో లేదా ఒక పనిలో వాటాదారు. ఆ ఆస్తి మీద వచ్చే అద్దె గాని, ఆ పని మీద వచ్చే లాభం గాని అతనికి అందుతుంది. ధనం నుంచి ధనం పుట్టకూడదు, ధనానికీ ఆదాయానికీ మధ్య నిజమైన వస్తువో శ్రమో ఉండాలి అన్నది దీని మూలసూత్రం. వ్యాపారాన్ని అనుమతించి వడ్డీని నిషేధించిన దివ్యఖుర్ఆన్ ఆదేశానికి ఆధునిక రుణ విపణిలో ఒక రూపం ఇచ్చే ప్రయత్నమిది.

1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఇటువంటి పత్రాలకు ధర్మపరమైన హద్దులు నిర్ణయించింది. 1990లో మలేషియాలో ఒక చమురు కంపెనీ అనుబంధ సంస్థ తొలి ఆధునిక సుకూక్ జారీ చేసింది. ఇండోనేషియా 2008లో ప్రభుత్వ సుకూక్‌లకు ప్రత్యేక చట్టం చేసుకుంది. ఇక 'హరిత' సుకూక్, అంటే సేకరించిన ధనాన్ని పర్యావరణ హితమైన పనులకే వెచ్చిస్తామన్న షరతుతో జారీ చేసే పత్రం, 2017లో మలేషియాలోని సబాలో సౌర విద్యుత్ కేంద్రం నిర్మాణానికి మొదటిసారి వెలువడింది. అది ప్రైవేటు కంపెనీది. ఒక ప్రభుత్వమే అంతర్జాతీయ విపణిలో హరిత సుకూక్ జారీ చేయడం మాత్రం 2018లో ఇండోనేషియాతోనే మొదలైంది. మొత్తం 125 కోట్ల డాలర్లు, గడువు అయిదేళ్లు, ఏటా 3.75 శాతం రాబడి. కొన్నవారిలో సుమారు మూడో వంతు ఇస్లామీ విపణులకు చెందినవారు. మిగిలినవారు ఆసియా, ఐరోపా, అమెరికా పెట్టుబడిదారులు. వడ్డీ రహిత పత్రాన్ని ముస్లిమేతర సంస్థలు కూడా కొన్నాయన్నది గమనించదగిన సంగతి.

ఈ ధనాన్ని దేనికి వాడవచ్చో ముందుగానే రాసి ప్రకటించారు. పునరుత్పాదక విద్యుత్తు, విద్యుత్ ఆదా, వ్యర్థాల నిర్వహణ, వ్యర్థాల నుంచి విద్యుత్తు, రైలు మార్గాలు, వరదలూ కరువుల నుంచి రక్షణ మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. విద్యుత్ ఆదా పనులకు ఒక కొలబద్ద కూడా పెట్టారు: అదే రకపు నిర్మాణాలు దేశంలో సగటున వాడే విద్యుత్తు కంటే కనీసం 10 శాతం తక్కువ వాడాలి. బొగ్గు, చమురు, గ్యాసుతో నడిచే కొత్త విద్యుత్ కేంద్రాలకు గాని, పాత కేంద్రాల మరమ్మతుకు గాని, అణు విద్యుత్తుకు గాని ఒక్క పైసా ఇవ్వరాదు. నార్వేకు చెందిన ఒక పరిశోధన సంస్థ ఈ పత్రాన్ని పరిశీలించి 'మధ్యస్థ హరిత' శ్రేణి ఇచ్చింది. నిధులు ఎక్కడ ఖర్చయిందీ ఏటా నివేదికలో ప్రకటించే ఏర్పాటు చేశారు.

2019 నవంబరులో మరో అడుగు పడింది. మాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. సామాన్య పౌరులు కొనుక్కోగల హరిత సుకూక్‌ను ప్రభుత్వం విడుదల చేసింది. కనీస మొత్తం పది లక్షల రూపియాలు. వినడానికి పెద్దగా తోచినా, అప్పటి మారకం లెక్కన మన డబ్బులో అయిదు వేల రూపాయల చిల్లర మాత్రమే. ఫోనులోనే కొనుక్కోవచ్చు, గడువు రెండేళ్లు. ఒక ఉపాధ్యాయురాలు, ఒక దుకాణదారుడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక యువకుడు తమ పొదుపును వడ్డీ అంటకుండా దేశపు చెత్త సమస్యపై, దేశపు రైలు మార్గంపై పెట్టగలిగారు. ఆ మొదటి విడతలో దాదాపు 1.46 లక్షల కోట్ల రూపియాలు పోగయ్యాయి. మరుసటి ఏడాది, కరోనా విలయతాండవం చేస్తున్న 2020 నవంబరులో విడుదలైన రెండవ విడతకు 5.42 లక్షల కోట్లు వచ్చాయి. అంటే ఒక్క సంవత్సరంలో మూడున్నర రెట్లకు మించిన ఆదరణ.

ధర్మవేత్తల సందేహాలు

ఇంతవరకు చెప్పినది వినసొంపుగానే ఉంది. కాని సుకూక్ అన్న పేరు అంటించగానే ప్రతిదీ ధర్మసమ్మతం అయిపోదు. ఈ హెచ్చరిక బయటివారు చేసినది కాదు. ఇస్లామీ ఆర్థిక సంస్థలకు ప్రమాణాలు నిర్ణయించే మండలికి అధ్యక్షులైన ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ స్వయంగా 2007లో ఈ ప్రశ్న లేవనెత్తారు. విపణిలో ఉన్న సుకూక్‌లలో అత్యధిక భాగం షరీఅత్ స్ఫూర్తికి విరుద్ధంగా ఉన్నాయని ఆయన అన్నప్పుడు ఇస్లామీ బ్యాంకుల ప్రపంచం ఉలిక్కిపడింది.

ఆయన అభ్యంతరం ఏమిటి? వాటాదారు అన్నవాడు లాభంతో పాటు నష్టాన్నీ పంచుకోవాలి. కాని అనేక సుకూక్‌లలో, గడువు తీరగానే ఆస్తిని అసలు ధరకే తిరిగి కొంటామని జారీదారు ముందే హామీ ఇస్తున్నాడు. ఆస్తి విలువ పెరిగినా తరిగినా పెట్టినవాడి అసలు అతనికి భద్రంగా చేరుతోంది. అనుకున్న లాభం రాని ఏడాది అప్పు పేరుతో లోటు పూడుస్తున్నారు. ఇక దీనికీ వడ్డీ బాండుకూ భేదం ఎక్కడుంది? 2008లో ఆ మండలి ఈ పద్ధతులకు అడ్డుకట్ట వేస్తూ నిబంధనలు ప్రకటించింది. అద్దె ప్రాతిపదికన జారీ అయ్యే ఇజారా సుకూక్ విషయంలో మాత్రం, అద్దెకు తీసుకున్నవాడు ఆ ఆస్తిని అసలు ధరకు కొంటానని హామీ ఇవ్వడానికి షరతులతో కూడిన సడలింపు ఉంచింది.

ఇండోనేషియా హరిత సుకూక్ 'వకాలా' పద్ధతిలో జారీ అయింది. అంటే పెట్టుబడిదారుల ధనాన్ని ఒక ప్రతినిధి సంస్థ వారి తరఫున ఆస్తులలో పెడుతుంది. ఆ ఆస్తులలో సగానికి పైగా అప్పటికే ఉన్న ప్రభుత్వ భూములు, భవనాలు. మిగిలిన భాగం నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టులు. ప్రభుత్వ భవనాలను ప్రభుత్వమే అద్దెకు తీసుకుంటుంది. ఆ అద్దె పెట్టుబడిదారులకు చేరుతుంది. దేశ ఉలమా మండలికి చెందిన షరీఅత్ విభాగం దీన్ని ఆమోదించింది. అయినా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి: ప్రభుత్వం చెల్లింపులు ఆపివేస్తే సుకూక్ కొన్నవాడు ఆ భవనాన్ని అమ్ముకోలేడు. అతనికి దక్కేది ఆస్తి ప్రయోజనంలో హక్కు మాత్రమే, రిజిస్టరు అయిన యాజమాన్యం కాదు. కనుక విమర్శకులు దీన్ని ఆస్తి పేరు చెప్పి తీసుకున్న అప్పు అంటారు. సమర్థకులు దీన్ని అద్దె ఒప్పందమే అంటారు.

మేము ధర్మతీర్పు చెప్పే స్థానంలో లేము. కాని రెండు సంగతులు మాకు తోస్తున్నాయి. మొదటిది, ఆస్తి అంటూ ఒకటి చూపవలసి రావడం వల్ల ప్రభుత్వం ఇష్టం వచ్చినంత అప్పు చేయడానికి వీలులేకుండా పోతుంది. ఆ మేరకైనా ఇది బాండు కంటే క్రమశిక్షణ గలది. రెండవది, అద్దె తెచ్చే భవనం ఒకటి, ధనం ఖర్చయ్యే చెత్త ప్రాజెక్టు మరొకటి అయినప్పుడు ఆ పెట్టుబడిదారుకు చెత్త ప్రాజెక్టు విజయంతో సంబంధం తెగిపోతుంది. అది చెడిపోయినా అతని అద్దె ఆగదు. నష్టభయం లేనివాడు ప్రశ్నలు అడగడు. హరిత సుకూక్‌లో మాకు కనిపించే అసలు లోపం ఇదే.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. 2018లో వచ్చిన ధనంలో దాదాపు సగం అంతకు ముందే జరిగిన పనుల ఖర్చును తిరిగి పూడ్చడానికి వెళ్లింది. నిబంధనల ప్రకారం ఇది తప్పు కాదు, దాచిపెట్టినదీ కాదు. అయితే కొత్తగా ఒక్క చెట్టు కూడా నాటకుండా పాత పనికి పచ్చరంగు పూసినట్లు అవుతుందా అన్న అనుమానం పాఠకులకు రావడం సహజం.

మండించితే సరిపోతుందా?

వ్యర్థాల నుంచి విద్యుత్తు అనే మాట వినగానే ఒకే దెబ్బకు రెండు పిట్టలు అన్నట్లు ఉంటుంది: చెత్త పోతుంది, దీపం వెలుగుతుంది. ఆచరణలో కథ అంత తేలిక కాదు. ఇండోనేషియా చెత్తలో, మన చెత్తలో కూడా, సగానికి అటూ ఇటూగా వంటింటి వ్యర్థాలే ఉంటాయి. అన్నం, కూరగాయల తొక్కలు, కొబ్బరి చిప్పలు, వానకు తడిసిన ఆకులు. తడి చెత్తను మండించడమంటే తడి కట్టెలతో పొయ్యి రాజేయడమే. ముందు నీటిని ఆవిరి చేయడానికే చాలా వేడి ఖర్చయిపోతుంది. ఐరోపాలో చెత్త పొడిగా ఉంటుంది. అక్కడి యంత్రాన్ని ఇక్కడ పెడితే అదే ఫలితం రాదు.

ఇండోనేషియా ప్రభుత్వం 2016లో ఏడు నగరాలలో ఇటువంటి కేంద్రాలు కట్టాలని అధ్యక్ష ఉత్తర్వు జారీ చేసింది. పొగ వల్ల ఆరోగ్యానికి హాని అని పర్యావరణ సంఘాలు, పౌరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2018లో 12 నగరాలతో మరో ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఈ కరెంటును యూనిట్‌కు 13 సెంట్లకు పైగా చెల్లించి కొనవలసి ఉండేది. మామూలు కరెంటు కంటే ఇది చాలా ఎక్కువ. పైగా చెత్త తీసుకున్నందుకు నగరపాలక సంస్థ టన్నుకు ఇంత అని రుసుము కట్టవలసి ఉండేది. ఈ రెండు మూటలూ చివరికి ప్రజల నెత్తినే పడేవి. ఉత్తర్వు వచ్చిన అయిదేళ్లకు కూడా ఆ పన్నెండు నగరాలలో సూరబాయా, సురకర్తా మాత్రమే కేంద్రాలు నడిపే దశకు చేరుకున్నాయి. సూరబాయాలోని బెనోవో కేంద్రాన్ని 2021 మేలో అధ్యక్షుడు జోకో విదోదో ప్రారంభించారు. రోజుకు సుమారు వెయ్యి టన్నుల చెత్తతో దాదాపు 12 మెగావాట్ల విద్యుత్తు తయారు చేసే సామర్థ్యం దానిది. నగరం తన చెత్త సేకరణను ముందే చక్కదిద్దుకోవడం, గుట్టలోని మీథేన్‌ను కూడా పట్టి వాడుకోవడం సూరబాయా ప్రత్యేకతలు.

చెత్త ఏరుకునే వారి సంగతి ఏమిటి? బాంటర్‌గెబాంగ్ కొండ మీద వేలాది కుటుంబాలు ప్లాస్టిక్, ఇనుము, అట్ట ఏరి అమ్ముకుని జీవిస్తున్నాయి. మండే గుణం బాగా ఉన్నవి ప్లాస్టిక్, కాగితం. వీళ్లు ఏరుకునేవీ అవే. కొలిమికి కావలసినదీ పేదవాడి సంచిలోకి వెళ్లేదీ ఒకటే అయినప్పుడు, సుకూక్ నివేదికలో తగ్గిన కర్బనం టన్నుల లెక్క ఉంటే చాలదు. పోయిన జీవనోపాధి లెక్క కూడా ఉండాలని మా అభిప్రాయం. 'హరితం' అన్న మాటకు ఇస్లామీ తూకం వేస్తే ఆ కుటుంబాలు తూకపు రాళ్లలోకి రావాలి.

ఈ విషయంలో ఇండోనేషియా ఉలమా మండలి 2014లో ఇచ్చిన ఫత్వా మాకు ఎంతో నచ్చింది. వస్తువులను వృథా చేయడం, పనికివచ్చే వాటిని పారవేసి ఇతరులకు హాని కలిగించడం హరామ్ అని ఆ ఫత్వా చెప్పింది. వ్యర్థాలను తిరిగి ఉపయోగపడే వస్తువులుగా మార్చడం ఫర్జె కిఫాయా అని తీర్మానించింది. అంటే సముదాయంలో కొందరైనా ఆ పని చేయాలి. ఎవరూ చేయకపోతే అందరూ బాధ్యులు. జనాజా నమాజు విషయంలో మనకు తెలిసిన నియమాన్ని చెత్తబుట్టకు అన్వయించడం సామాన్యమైన సంగతి కాదు. అక్కడ అనేక పేటలలో 'చెత్త బ్యాంకులు' నడుస్తున్నాయి. 2008లో యోగ్యకర్తా ప్రాంతంలోని బంతుల్‌లో మొదలైన పద్ధతి ఇది: పొడి చెత్త తూకం వేసి ఇస్తే ఖాతాలో డబ్బు జమ అవుతుంది. కొన్ని మస్జిదులలో ఆ చెత్తనే సదఖాగా స్వీకరించి, అమ్మగా వచ్చిన డబ్బును అనాథల చదువుకు వెచ్చిస్తున్నారు.

జకార్తాలోని ఇస్తిఖ్లాల్ మస్జిద్ ఈ కథలో మరో ముఖ్య ఘట్టం. ఆగ్నేయాసియాలోకెల్లా పెద్దదైన ఆ మస్జిద్‌ను 2019-20లో పునరుద్ధరించినప్పుడు పైకప్పు మీద అయిదు వందలకు పైగా సౌర ఫలకాలు అమర్చారు. నీటిధార తక్కువగా వచ్చే కుళాయిలు బిగించారు. వుజూ నీటిని శుద్ధిచేసి తిరిగి వాడే ఏర్పాటు చేశారు. 2022లో ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ నుంచి హరిత భవన ధ్రువీకరణ పొందిన మొట్టమొదటి ప్రార్థనా మందిరంగా అది నిలిచింది. వుజూలో నీటిని వృథా చేయరాదన్న దైవప్రవక్త (సఅసం) శిక్షణ మనకు చిన్ననాటి నుంచి తెలిసినదే. అది కుళాయి బిగింపులోనూ కనిపించాలని అక్కడివారు అనుకున్నారు.

మన సంగతి

భారతదేశం కూడా మాట ఇచ్చింది. 2030 నాటికి స్థూల ఉత్పత్తిలో ఉద్గారాల తీవ్రతను 2005 స్థాయి నుంచి 45 శాతం తగ్గిస్తామని, 2070 నాటికి నికర శూన్య స్థితికి చేరుతామని. ఆ ఖర్చు కోసం 2023 జనవరిలో కేంద్రం తొలిసారి హరిత బాండ్లు విడుదల చేసింది. ఆసక్తికరమైన అంశం ఏమిటంటే, వాటి నియమావళి ప్రకారం ఆ ధనాన్ని మద్యం, పొగాకు, జూదం, ఆయుధాల పరిశ్రమలకు వాడరాదు. చెత్తను నేరుగా దహనం చేసే ప్రాజెక్టులకూ వాడరాదు. ఇండోనేషియా సుకూక్ అనుమతించిన రంగానికి మన బాండు తలుపు మూసింది. ఆ జాగ్రత్త మాకు సమంజసంగానే తోచింది. కాని ఇవి వడ్డీ బాండ్లు. నిషిద్ధ వస్తువుల జాబితా చూస్తే మన మనసుకు దగ్గరగా ఉన్నా, ఆదాయం వడ్డీ రూపంలో వస్తుంది కనుక ముస్లిం కుటుంబం వాటికి దూరంగానే ఉండవలసి వస్తోంది.

మన దేశంలో ప్రభుత్వ సుకూక్ లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ రహిత బ్యాంకింగ్‌ను సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించినట్లు వెల్లడించింది. అప్పటి నుంచి ఆ తలుపు అలాగే ఉంది. ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టుకుందామంటే కేంద్రం మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల వరకు సబ్సిడీ ఇస్తోంది. మిగిలిన మొత్తానికి బ్యాంకు రుణం సిద్ధంగా ఉంటుంది, వడ్డీతో. చేతిలో రొక్కం ఉన్నవాడికి ఇబ్బంది లేదు. లేనివాడు ధర్మానికీ కరెంటు బిల్లుకూ మధ్య నలుగుతున్నాడు.

అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో వీధి దీపాలను నేలకూల్చింది. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే నగరంలో 90 వేలకు పైగా ఎల్ఈడీ దీపాలు వెలిశాయి. నగరపాలక సంస్థ ఆ పెట్టుబడి ఒకేసారి పెట్టలేదు. కేంద్ర విద్యుత్ శాఖ కిందనున్న ఒక సంస్థ దీపాలు అమర్చి, నిర్వహణ బాధ్యత తీసుకుంది. దీపాలు మార్చగా తగ్గిన బిల్లు నుంచి ఏటా వాయిదాలు చెల్లించే ఒప్పందం అది. ఆ సంస్థ తెచ్చిన ధనంలో వడ్డీ రుణాలు లేవని మేము అనడం లేదు. అనేక రాష్ట్రాలలో పురపాలికలు వాయిదాలు కట్టక బకాయిలు పేరుకున్నాయన్నదీ నిజమే. మేము చూపదలచినది ఆ ఒప్పందపు ఆకృతిని. ఒకరు పరికరం తెచ్చి పెడతారు, ఇంకొకరు దాని వల్ల మిగిలిన దానిలోంచి చెల్లిస్తారు. దీనిలో ఇజారా ఛాయలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇటువంటి ఒప్పందానికి ప్రత్యేక చట్టం అక్కర లేదు, రిజర్వు బ్యాంకు అనుమతీ అక్కర లేదు.

ఇక చెత్త. హైదరాబాద్ నగరపు చెత్తను ఏళ్ల తరబడి భరించిన జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన విద్యుత్ కేంద్రం తర్వాత 24 మెగావాట్లకు పెరిగింది. పాత గుట్టను మట్టితో కప్పి మూసివేశారు. అయినా దుర్వాసన గురించి, పాడైన భూగర్భ జలాల గురించి చుట్టుపక్కల కాలనీల వారి మొర ఆగలేదు. విశాఖపట్నం, గుంటూరు పరిసరాలలోనూ చెత్తతో నడిచే విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. వీటన్నిటికీ కావలసింది ఒకటే, ఇంటి దగ్గరే విడదీసిన పొడి చెత్త. రమజాన్ మాసంలో ఇఫ్తార్ ముగిశాక మన మస్జిదుల ముంగిట పేరుకునే ప్లాస్టిక్ గ్లాసులు, థర్మకోల్ పళ్లేలు, సగం తిని వదిలిన పండ్లు, హలీమ్ గిన్నెలు ఒకే సంచిలో కుక్కి బయట పెట్టే అలవాటు ఏ కొలిమికీ పనికిరాదు, ఏ ఎరువు గుంతకూ పనికిరాదు. దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని నేర్చుకున్న సముదాయమే దారిలో దాన్ని పెడుతోంది.

ఒక చిన్న లెక్కతో మా మాట ఆచరణలో ఎలా ఉంటుందో చూద్దాం. ఒక మధ్యతరహా మస్జిద్‌లో 30 పాత సీలింగ్ ఫ్యాన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 75 వాట్లు వాడుతుంది. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. ఫ్యానుకు 45 వాట్ల ఆదా. అయిదు పూటల నమాజులు, జుమా, పిల్లల మక్తబ్ కలిపి రోజుకు ఆరు గంటలు తిరుగుతాయనుకుంటే దినానికి 8.1 యూనిట్లు, నెలకు 243 యూనిట్లు మిగులుతాయి. చలికాలం మూడు నెలలు తీసివేస్తే ఏడాదికి దాదాపు 2,190 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే సుమారు 17,500 రూపాయలు. ఫ్యాను ఒక్కటి మూడు వేల చొప్పున మొత్తం ఖర్చు 90 వేలు. అయిదేళ్లకు పైగా పడుతుంది పెట్టుబడి తిరిగి రావడానికి. లాభసాటి వ్యాపారమని ఎవరూ అనరు. ఏసీలున్న మస్జిద్‌లో, రాత్రంతా వెలిగే పాత దీపాలున్న మస్జిద్‌లో ఇంతకంటే త్వరగానే వస్తుంది.

ఈ 90 వేలను మొహల్లాలోని తొమ్మిది మంది తలా పది వేల చొప్పున ఖర్జె హసనాగా ఇవ్వవచ్చు. కమిటీ ప్రతి నెలా పాత బిల్లుకూ కొత్త బిల్లుకూ ఉన్న తేడాను పక్కన పెట్టి, వారికి వంతులవారీగా తిరిగి చెల్లించవచ్చు. వడ్డీ లేదు, చందా కూడా కాదు. అసలు తిరిగి వచ్చాక ఆ పది వేలనే పక్క వీధిలో సౌర ఫలకాలు పెట్టుకోదలచిన వితంతువు ఇంటికి ఇవ్వవచ్చు. ఇండోనేషియా ప్రభుత్వ సుకూక్‌లో మాకు కనిపించిన లోపం, అంటే డబ్బు పెట్టినవాడికీ పనికీ సంబంధం తెగిపోవడం, ఇక్కడ లేదు. డబ్బు ఇచ్చినవాడు రోజుకు అయిదు సార్లు ఆ ఫ్యాను కిందనే కూర్చుంటాడు. అది ఆగిపోతే మొదట అడిగేవాడు అతనే. కమిటీ చేయవలసినది ఒక్కటే: మార్చకముందు వచ్చిన పన్నెండు నెలల బిల్లులను భద్రపరచి, ఇక మీదట వచ్చే ప్రతి బిల్లును వాటి పక్కనే నోటీసు బోర్డుకు అంటించడం.